తిక్కలోళ్ళకి ఒక గది కావాలి

2023 ఆగస్టు 23, సాయంత్రం ఆరు గంటల నాలుగు నిమిషాలు. ఆ వేళకి మీరెక్కడున్నారో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేను హాస్టలు టి.వి. హాల్లో, కుర్చీ దొరక్క గోడకానుకుని నిలబడి ఉన్నాను. చంద్రుడి దక్షిణ ధ్రువానికి దగ్గర్లో విక్రమ్ దిగింది. హాలంతా ఈలలు, చప్పట్లు. నా పక్కనున్న కుర్రాడు, పేరైనా తెలియదు, నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. అప్పటికి నేను హాస్టల్లో చేరి వారం కాలేదు. "పర్వాలేదు, ఈ ఊళ్ళో నా వాళ్ళు దొరికారు" అనుకున్నాను.

పది నిమిషాలు. అంతే. ఎవరో ఛానలు మార్చేశారు, సినిమా పాటలు మొదలైనయి. నా కడుపులో మాత్రం వంద ప్రశ్నలు తిరుగుతున్నయి. చంద్రయాన్-2 లాండరుకి అయిదు ఇంజన్లు పెట్టినవాళ్ళు దీనికి నాలుగే ఎందుకు పెట్టారు? కింద బండలున్నాయో చదును నేల ఉందో దానంతటది ఎట్లా చూసుకుంది? కౌగిలించుకున్న మిత్రుణ్ణే అడిగాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "ఇది ఇంటర్నల్సులో వస్తదా బ్రదర్?" అన్నాడు.

అతన్ని నేను తప్పుపట్టడం లేదు. అతని బెంగ అతనిది. కానీ ఆ రాత్రి మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ, ఇంత పెద్ద ఊళ్ళో ఈ ప్రశ్నకి జవాబు తెలిసినవాడు కాకపోయినా, కనీసం ఈ ప్రశ్నతో నిద్రపట్టని వాడు ఇంకొకడు ఉండడా అనుకున్నాను. ఈ నాలుగు మాటలూ ఆ ఇంకొకడి కోసం.

ఇట్లాంటి మనిషిని ఇంగ్లీషువాళ్ళు గీకు అంటారు. మా ఊళ్ళో అయితే తిక్కలోడు. ఏదో ఒక దాని వెంటపడి తిండీ నిద్రా మరిచిపోయేవాడన్న మాట. ఆ తిక్క రేడియో కావచ్చు, పక్షులు కావచ్చు, చదరంగం కావచ్చు, పాత నాణేలు కావచ్చు, కంప్యూటరు ప్రోగ్రాములు కావచ్చు. ఊరు విడిచి కాలేజీకి వచ్చినప్పుడు అందరికీ ఒంటరితనం ఉంటుంది. తిక్కలోడికి అది రెండింతలు. అమ్మ చేతి అన్నం లేదన్న దిగులు అందరికీ అర్థమవుతుంది. "నా తిక్క పంచుకునేవాడు లేడు" అంటే ఎవరికి అర్థమవుతుంది?

మాది అల్లూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు. నాయనకి మూడెకరాల కయ్య ఉంది. చుట్టూ ఉన్న కయ్యలు ఒక్కొక్కటే రొయ్యల గుంటలైపోయినా మాది ఇంకా వరి మీదే ఉంది. శ్రీహరికోట మాకు దక్షిణాన. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయినయి గానీ, రాకెట్టుకి జిల్లా సరిహద్దులు తెలియవు కదా! రాత్రిపూట ప్రయోగమైతే మా కళ్ళంలో నిలబడి చూడొచ్చు. ముందు దిక్కంతా ఎర్రబడుతుంది, తర్వాత ఒక నిప్పురవ్వ నిదానంగా పైకి పాకి సముద్రం మీదకి వంగుతుంది. అవ్వ దణ్ణం పెట్టేది. నాయన "సరే, ఇంక పడుకోండి, తెల్లారి నాట్లు" అనేవాడు. నేను మాత్రం అది కనపడకుండా పోయినాక కూడా అక్కడే నిలబడేవాణ్ణి.

ఇంకొక సంగతి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది మన సముద్రంలో పుట్టింది కాదు. థాయ్‌లాండు సింధుశాఖలో పుట్టి, ఆ దేశపు సన్నని నేలను దాటి, బంగాళాఖాతమంతా ఈదుకుంటూ వచ్చి మన మీద పడింది. ఆ రాత్రి కరెంటు పోయినాక మా వీధికంతా దిక్కు తాత బ్యాటరీ రేడియో ఒక్కటేనట. తాత పోయినాక ఆ రేడియో నా చేతికొచ్చింది. పదేళ్ళప్పుడు దాన్ని విప్పాను. మళ్ళీ బిగించడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో తిన్న తిట్లకి లెక్కలేదు. నా తిక్కకి అదే మొదలు.

నెల్లూరు మా ఊరికి ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు. ఇది కూడా ఒక పరాయి నగరమా అని పట్నం మిత్రులు నవ్వుకుంటారేమో. దూరం కిలోమీటర్లలో ఉండదు. 2004లో నగరపాలక సంస్థ అయిన ఊరు ఇది. ట్రంకురోడ్డు మీద సాయంత్రం ఏడింటికి నిలబడితే అంతమందిలో ఒక్క మొహమూ మనది కాదు. మా ఊళ్ళో నన్ను తిక్కలోడన్నా, "ఫలానావాళ్ళ తిక్కలోడు" అనేవాళ్ళు. ఇక్కడ తిట్టడానికైనా ఎవరికీ నేను తెలియదు.

వెతకడం మాత్రం మానలేదు. కాలేజీలో సైన్సు క్లబ్బు ఉందని చెప్తే పరుగెత్తాను. బోర్డు ఉంది, గదికి తాళం ఉంది. ఏటా ఫిబ్రవరి 28న, జాతీయ సైన్సు దినోత్సవం నాడు, తాళం తీస్తారని తెలిసింది. ఆ రోజు ముఖ్య అతిథికి పూలగుత్తి, శాలువా, ఫోటో, చివర టీ బిస్కట్లు. మళ్ళీ తాళం. తర్వాత ఫోనులో ఒక గ్రూపులో చేరాను. రెండువందల మంది సభ్యులు. పొద్దున్నే రెండువందల శుభోదయాలు, మధ్యాహ్నం ఉద్యోగ ప్రకటనలు. నేనొక రోజు ఆంటెన్నా గురించి ఒక ప్రశ్న పెట్టాను. ఒకరు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. అంతటితో సరి.

అక్టోబరుకి నా పట్టు సడలింది. ఒక శనివారం పెట్టె సర్దుకుని ఆర్టీసీ బస్టాండుకి పోయి, అక్కణ్ణించి నాయనకి ఫోను చేశాను.

"ఏందబ్బయా, గొంతు అట్టుండాది?" అన్నాడు.

"ఇక్కడ నాకు కుదరడం లేదు నాయనా. వచ్చేస్తా."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "నారు పీకి కొత్త కయ్యలో నాటినాక వారం పది రోజులు ఎట్టుంటదో నువ్వు చూళ్ళేదా? పసుపుపచ్చగా వాడిపోయి, చచ్చిపోయినట్టే ఉంటది. పీకి పారేస్తామా? ఏరు పట్టిందాకా నీళ్ళు పెట్టి ఊరుకుంటాం. నువ్వు ఊరుకో."

బస్సు ఎక్కలేదు. నాయన మాట నచ్చి కాదు, ఆ మాట తర్వాత ఇంటికి పోయి ఆయన మొహం చూడలేక.

ఆ డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వచ్చింది. 5వ తారీఖున బాపట్ల దగ్గర తీరం దాటిందే గానీ, అంతకు ముందంతా మన తీరం వెంబడే నడిచింది. హాస్టల్లో కరెంటు లేదు. ఒకటిన్నర రోజుకి ఫోన్లన్నీ చచ్చిపోయినయి. నేను పెట్టె అడుగునించి తాత రేడియో తీసి, కొత్త బ్యాటరీలు వేసి, విజయవాడ కేంద్రం పెట్టాను. అరగంటలో మా గదిలో ముప్ఫైమంది. కిటికీ మీద కూడా కూర్చున్నారు. తమ ఊళ్ళ పేర్లు వస్తాయేమోనని చెవులు రిక్కించుకుని వింటున్నారు. మా కయ్య మునిగిందో లేదో తెలియక నేనూ వింటున్నాను.

తుఫాను పోయింది, కరెంటు వచ్చింది, ముప్ఫైమందీ పోయారు. ముగ్గురు మాత్రం మిగిలారు. ఒకడు, "ఈ డబ్బాలోకి అంత దూరం నుంచి మాట ఎట్టా వస్తది?" అని అడిగాడు. మూడున్నర నెలలుగా నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అది.

ఆ ముగ్గురిలో ఒకతను బి.కాం. చదువుతున్నాడు. సైన్సుతో సంబంధం లేదు. దొరవారిసత్రం వైపు వాడు. నేలపట్టులో గూళ్ళు కట్టే గూడబాతుల్ని చిన్నప్పటి నుంచీ నోటు పుస్తకంలో లెక్కలు రాసుకుంటున్నాడట. ఏ చెట్టు మీద ఎన్ని గూళ్ళు, ఏ ఏడాది ఏ నెలలో వచ్చాయి, అన్నీ ఉన్నాయి. "ఇది ఎవరికైనా చూపించావా?" అంటే, "నవ్వుతారని దాచిపెట్టుకున్నా" అన్నాడు. మా ఇద్దరి మంచాల మధ్య నాలుగు గదులే దూరం. మూడు నెలలకు పైగా ఒకే మెస్సులో అన్నం తిన్నాం. ఒకడు తిక్కలోడని రెండోవాడికి తెలియదు. ఈ వ్యాసంలో నన్ను బాధపెట్టే సంగతి ఏదన్నా ఉందంటే అది ఇదే. మనవాళ్ళు లేకపోవడం కాదు కష్టం. ఉన్నవాళ్ళు ఒకరికొకరు కనపడకపోవడం.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెప్తాను. అమెరికా వాళ్ళ వాతావరణ ఉపగ్రహాలు కొన్ని, నోవా-15, 18, 19 అనేవి, సుమారు 850 కిలోమీటర్ల ఎత్తున మన మీదుగా పోతూ, తాము చూసిన మేఘాల బొమ్మని 137 మెగాహెర్ట్జ్ దగ్గర అందరికీ వినపడేట్టు పంపుతుండేవి. దాన్ని పట్టడానికి పెద్ద డిష్షు అక్కరలేదు. ఒక్కోటి సుమారు 53 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీలు రెండు, వాటిని 120 డిగ్రీల కోణంలో బిగించడానికి ఒక చెక్క, టి.వి. చూడ్డానికి చేసిన చిన్న యు.ఎస్.బి. పరికరం ఒకటి, ఒక కంప్యూటరు ఉంటే చాలు. కడ్డీల కోసం స్టోన్‌హౌస్‌పేటకి పోయాం. టంకం వేయించడానికి ఒక పాత రేడియో మెకానిక్కు దగ్గరికి పోయాం. ఆయన్ని మేం మామా అంటాం. రేడియోలు ఎవరూ తేకపోవడంతో మిక్సీలు బాగుచేసుకుంటున్నాడు. ఏం చేస్తున్నామో చెప్పేసరికి మిక్సీ పక్కన పెట్టేశాడు. ఆయన ద్వారా పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు వచ్చారు. మొదట సార్ అనేవాళ్ళం, ఇప్పుడు తాతా అంటున్నాం. మోర్సు కోడు ఆయన వేళ్ళలో ఇంకా ఉంది.

2024 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, మామ దుకాణం మిద్దె మీద, గడియారం కొట్టుకున్నట్టు టక్కు టక్కుమని చప్పుడు పట్టుబడింది. క్షణానికి రెండు గీతల చొప్పున బొమ్మ కిందికి దిగింది. ఒక్కో చుక్క నాలుగు కిలోమీటర్లు. లంక కనపడింది, తమిళనాడు కనపడింది, తర్వాత మన తీరపు వంపు. అందులో మా ఊరు చుక్కలో పదోవంతు కూడా ఉండదు. మామ ఏం మాట్లాడకుండా కిందికి పోయి అయిదుగురికీ టీ తెచ్చాడు.

ఇందులో మేం సాధించిన ఘనకార్యం ఏమీ లేదు. ప్రపంచంలో వేలమంది కుర్రాళ్ళు ఎప్పుడో చేసిన పనే. నాకు తెలిసొచ్చింది వేరే. "నాలాంటి మనుషులు కావాలి" అని వెతికినన్నాళ్ళూ ఒక్కరూ దొరకలేదు. చేతిలో ఒక పని పెట్టుకుని నలుగురికీ కనపడేట్టు కూర్చుంటే వాళ్ళే వచ్చారు. 2025లో ఆ మూడు ఉపగ్రహాలనీ ఒకదాని వెంట ఒకటి ఆపేశారు, ఆగస్టుతో ఆఖరిదీ పోయింది. మా ముఠా కూడా పోతుందేమో అనుకున్నా. పోలేదు. రష్యా వాళ్ళ మెటియోర్ ఉపగ్రహాలు దాదాపు అదే తావున డిజిటల్ పద్ధతిలో పంపుతున్నయని తాత పట్టుకొచ్చాడు. ఆ కడ్డీలతోనే ఇప్పుడు వాటి వెంట పడ్డాం. ఉపగ్రహం ఒక సాకు. ముఠా ముఖ్యం.

ఇది నా సొంత గోడు కాదని చెప్పడానికి కొంచెం వెనక్కి, కొంచెం దూరంగా చూద్దాం.

1975 మార్చి 5న అమెరికాలో, కాలిఫోర్నియాలోని మెన్లో పార్కు అనే ఊళ్ళో, ఒక ఇంటి కారు షెడ్డులో కొంతమంది కంప్యూటరు తిక్కలోళ్ళు చేరారు. హోంబ్రూ కంప్యూటరు క్లబ్బు అని పేరు పెట్టుకున్నారు. ఒకడు చేసింది ఇంకొకడికి చూపించడం, సర్క్యూటు బొమ్మలు పంచుకోవడం, ఇదే పని. స్టీవ్ వోజ్నియాక్ తను చేసిన కంప్యూటరును అక్కడికే తెచ్చి చూపించాడు. ఆపిల్ కంపెనీకి మొదటి సరుకు అదే. ఆ షెడ్డుకి ముఖ్య అతిథి ఎవరూ రాలేదు.

అది అమెరికా, మనకెక్కడ అంటారా? మనవాళ్ళు ఇంకా ముందే మొదలుపెట్టారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటి వాళ్ళు ఊరూరా ఒక గది, నాలుగు పుస్తకాలు, చదివి వినిపించే ఒక మనిషి ఉండాలని తిరిగారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. మనిషి పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే మనిషి దగ్గరికి పోయింది.

అంతెందుకు, మన నెల్లూరు జిల్లా కథే చూడండి. 1990 తర్వాత అక్షరాస్యతా ఉద్యమంలో ఊళ్ళల్లో రాత్రి బడులు పెట్టారు. ఆడవాళ్ళు పగలంతా కూలికి పోయి, రాత్రి దీపం చుట్టూ కూర్చుని అక్షరాలు దిద్దారు. అట్లా కూర్చున్నాక పలక మీది మాటలతో పాటు ఇంట్లో మాటలు కూడా వచ్చినయి. దూబగుంట రోశమ్మ గారి ఊళ్ళో సారా దుకాణం మూతపడింది. ఆ సంగతి పాఠమై మిగతా బడులకి పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. అక్షరాలు నేర్పుదామని కూర్చోబెట్టిన చోటు అంత పని చేసింది. మనుషులు రోజూ కలుసుకునే చోటు ఒకటి ఉంటే అందులోంచి ఏం పుడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. చోటు లేకపోతే మాత్రం ఏమీ పుట్టదని ఇప్పుడే చెప్పేయవచ్చు.

ఇంకొక్కటి. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి.-సి6 లేచింది. కార్టోశాట్-1తో పాటు హామ్‌శాట్ అనే 42.5 కిలోల బుల్లి ఉపగ్రహాన్ని మోసుకుపోయింది. లోకంలోని అమెచ్యూర్ రేడియో వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఇస్రో చేసి పెట్టిన ఉపగ్రహమది. అందులో రెండు ట్రాన్స్‌పాండర్లు. ఒకటి మన దేశంలో చేసింది. రెండోది నెదర్లాండ్సులో ఒక ఇంజనీరింగు విద్యార్థి చేసింది. 2014 దాకా పనిచేసింది. నేను పుట్టిన ఏడాది అది. ఎక్కడో వేల మైళ్ళ దూరాన ఉన్న ఒక విద్యార్థి తన తిక్కని మన తీరం నుంచి ఆకాశానికి పంపుకున్నాడు. మన తీరాన పుట్టిన నాకు ఆ సంగతి పంతొమ్మిదో ఏట మామ దుకాణంలో తెలిసింది. రాకెట్టు మన కళ్ళంలో నుంచి కనపడినంత మాత్రాన మనదై పోదని అప్పుడర్థమైంది.

ఇక నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మేం ప్రతి బుధవారం రాత్రి ఏడింటికి కలిసేవాళ్ళం. మా క్లాసులో ఒకమ్మాయి ఉంది. లెక్కల్లో మా అందరికంటే చురుకు. ఉపగ్రహం ఏ వేళకి మన మీదికి వస్తుందో కాగితం మీద కట్టి చూపించగలదు. రెండుసార్లు పిలిచాను, రాలేదు. ఆసక్తి లేదు కాబోలు అనుకుని ఊరుకున్నాను. ఒక ఏడాది తర్వాత ల్యాబులో మాటల్లో అడిగితే, "ఆరింటికి మా హాస్టలు గేటు వేసేస్తారు. నువ్వు ఏడింటికి పిలుస్తావు. ఏం చెప్పమంటావు?" అంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆసక్తి లేనిది ఆమెకి కాదు, ఆమె సంగతి కనుక్కోవాలన్న ఆసక్తి నాకు లేదు. అల్లూరు, ఇందుకూరుపేట, కోవూరు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే మిత్రుల సంగతీ అంతే. నన్ను ఎవరూ కలుపుకోలేదని ఏడ్చినవాణ్ణి, నేనే ఒక గడియారం పెట్టి సగంమందిని బయట నిలబెట్టాను. ఇప్పుడు సాయంత్రం నాలుగింటికి కలుస్తున్నాం. ముగ్గురమ్మాయిలు వస్తున్నారు. ఉపగ్రహం వేళలు కట్టే పని ఆమెదే.

భాష కూడా ఇట్లాంటి గడియారమే. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాడు ఇంగ్లీషులో తప్పు మాట్లాడతానేమోనని ప్రశ్నే మింగేస్తాడు. నేనూ మింగినవాణ్ణే. మామకి ఇంగ్లీషు రాదు, కెపాసిటరు పాడైతే వాసన పట్టి చెప్తాడు. అతను మాట్లాడే భాషలో మనం మాట్లాడకపోతే నష్టం మనకే.

ఈ మాటలు అన్నప్పుడల్లా నాకు ఎదురయ్యే అభ్యంతరాలు కొన్ని ఉన్నాయి. "అన్నీ ఫోనులోనే ఉన్నాయి కదా, గది ఎందుకు?" అంటారు. ఫోను నాకూ ఉంది. ఆంటెన్నా లెక్క దాంట్లోనే దొరికింది. కానీ నా టంకం చల్లబడి వదిలేస్తుంటే, చెయ్యి పట్టుకుని "అట్ట కాదబ్బయా, ముందు తీగని వేడి చెయ్" అన్నది ఫోను కాదు, మామ.

"గది ఇస్తే సామాను పాడుచేస్తారు, బాధ్యత ఎవరిది?" అని మా లెక్చరర్లలో కొందరికి భయం. ఆ భయం న్యాయమైనదే. సామానుకి వాళ్ళు సంతకం పెట్టి ఉంటారు. అందుకే మేం ల్యాబులో ఖరీదైన సామాను అడగడం లేదు. పాడైపోయి మూల పడేసినవి ఇవ్వండి. ఎటూ పాడైనవే కనుక ఇంకా పాడుచేయడానికేం లేదు!

"అంత ఉత్సాహం ఉన్నవాళ్ళు హైదరాబాదో మద్రాసో పోవచ్చు కదా" అనే పెద్దలూ ఉన్నారు. పోగలిగినవాళ్ళు పోతూనే ఉన్నారు. అమెచ్యూర్ రేడియోకి జాతీయ సంస్థ 1983 నుంచీ హైదరాబాదులో ఉంది, నిజమే. కానీ నాట్లకీ కోతలకీ ఇంటికి పోవాల్సిన నాలాంటివాడు ఎన్నిసార్లు పోగలడు? ఉన్న ఊళ్ళోనే ఉన్నవి చూడ్డం ముందు నేర్చుకుందాం. శ్రీహరికోటలో 2019 నుంచి జనం కూర్చుని ప్రయోగం చూడ్డానికి గ్యాలరీ ఉంది, పేరు నమోదు చేసుకుంటే చాలు. నేలపట్టు, పులికాటు రైలు దూరంలో ఉన్నాయి. జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది. అమెచ్యూర్ రేడియో లైసెన్సు పరీక్ష 12 ఏళ్ళు నిండిన ఎవరైనా రాయవచ్చు, మాలో ఇద్దరం తాత దగ్గర తయారవుతున్నాం. లేనిదల్లా ఇవన్నీ చెప్పుకునే ఒక గది.

కాబట్టి విద్యార్థి సంఘానికీ, అధ్యాపకులకీ, ఈ పుస్తకం చదివే పూర్వ విద్యార్థులకీ నా విన్నపం ఇది. సైన్సు క్లబ్బు అని బోర్డున్న ఆ గదిని వారానికి ఒక్క రోజు, బుధవారం నాలుగు నుంచి అయిదున్నర దాకా, తాళం తీసి పెట్టండి. తాళంచెవి ఒకరి దగ్గరే ఉండకుండా ఇద్దరు విద్యార్థుల పేర రాయండి, అందులో ఒకరు అమ్మాయి కావాలి. ఒక రిజిస్టరు పెట్టండి, వచ్చినవాళ్ళు పేరూ, తమ తిక్క ఏదో ఒక్క ముక్కా రాస్తారు. రెండో వరసలో ఇంకొకరి తిక్క చదువుకుంటారు. బి.కాం. వాళ్ళనీ బి.ఎ. వాళ్ళనీ రానివ్వండి. మామనీ తాతనీ గేటు దగ్గర ఆపకుండా ఒక చీటీ ఇవ్వండి. పూర్వ విద్యార్థులు డబ్బు పంపకపోయినా ఫర్వాలేదు. ఊరికొచ్చినప్పుడు ఒక బుధవారం వచ్చి కూర్చుని, తమ పని ఏదో చెప్తే చాలు. ఖర్చు అంటారా, ఒక పూలగుత్తి, ఒక శాలువా మిగిలితే ఏడాదికి సరిపడా టంకం తీగ వస్తుంది.

మొన్న సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు నాయనతో ఇదంతా చెప్పాను. ఆయన నాటు కట్ట విప్పుతున్నట్టు వేళ్ళు కదిలిస్తూ విన్నాడు. "కుదురుకి ఒక్క మొక్కే పెడితే చచ్చిందంటే అక్కడ బోడే. అందుకే రెండు మూడు కలిపి పెట్టేది. మీ సార్లకి ఈ మాట చెప్పు" అన్నాడు.

చెప్పేశాను. నేను ఈ ఏటితో వెళ్ళిపోతాను. వచ్చే విద్యా సంవత్సరంలో ఏ విడవలూరు నుంచో, ఏ తోటపల్లిగూడూరు నుంచో ఒకడో ఒకతో పెట్టె పట్టుకుని వస్తారు. వాళ్ళు అక్టోబరులో బస్టాండు దాకా పోయి ఫోను చేయక ముందే, ఆ గది వాళ్ళకి కనపడాలి.

— బి.యస్సీ., తృతీయ సంవత్సరం